సముద్రగర్భపు వేఁడిమిని కొలుచు సాధనములు



కృష్ణాతీరమునఁ గాపురముండు పెద్దలకు ఉప్పెన యనఁగా నేమో వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. 1864 నవంబరు 1వ తేదీన సముద్రము బందరుపైఁ బొంగిపడి యించుమించు 30,000 మందిని పొట్టనఁ బెట్టుకొనెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమయందు వేలకొలఁది జనము మడిసిరి.

తుపానునకు బలము సముద్రజలమందలి వేఁడిమినుండి వచ్చును. పైనున్న వెచ్చని నీటిపొర మందముగ నున్నచోఁ దుపాను బలియును. పలుచగ నున్నచో గాలి అడుగునఁగల చల్లని నీటిని పైకిఁ గలఁచును, తుపాను నీరసించును. కావున లోతునందలి వేఁడిమిని గొలువవలసి వచ్చినది.

ఇది చెప్పినంత సులభము కాదు. ఉష్ణమాపకమును త్రాటఁ గట్టి దింపి, చదువుటకై పైకి లాగితిమేని, దారిలోని వెచ్చని నీరు దాని లెక్కను మార్చివేయును. 1874లో లండను నగరమందలి నెగ్రెట్టి, జాంబ్రా యను పనిముట్ల తయారీదారులు దీనికొక యుపాయము పన్నిరి. కావలసిన లోతునకుఁ జేరినపిమ్మట ఉష్ణమాపకము తలక్రిందులగును. అప్పుడు పాదరసపుతీఁగ సన్నని మెడయొద్దఁ దెగి, అచ్చటి వేఁడిమికి సాక్షిగ నిలిచిపోవును.

అయినను ఒక్కొక్క లోతునకు ఒక్కొక్క ఉష్ణమాపకము కావలెను, ఓడయు నిలువవలెను. 1937-38 ప్రాంతమున అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ రూపొందించిన బాతీథర్మోగ్రాఫు ఈ చిక్కును విడఁదీసెను. అందు మసిపూసిన చిన్న గాజుపలక యుండును. నీటి యొత్తిడి పలకను జరుపును. వేఁడిమి ములుకును జరుపును. ఆ ములుకు గీచిన గీఁతయే లోతును, వేఁడిమిని ఒక్కమాఱే తెలుపును. ఓడ నడచుచుండఁగనే దీనిని దింపవచ్చును.

1952లో అమెరికా శాస్త్రజ్ఞుఁడు యూజీన్ లాఫాండ్ వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, మన విద్యార్థులకు సముద్రశాస్త్రమును బోధించి, వారితోఁ గూడి బంగాళాఖాతమును పరిశోధించెను.

నేఁడు త్రాడుతోఁ బనిలేకయే ఆర్గో యను తేలుడు యంత్రములు కొలతలు తీయుచున్నవి. లోపలి నూనెను వెలుపలి తిత్తిలోనికి నెట్టిన యంత్రము ఉబ్బి తేలును. వెనుకకుఁ దీసికొన్న మునుఁగును. ఇంచుమించు పదిదినముల కొకసారి 2,000 మీటర్ల లోతునుండి పైకి వచ్చుచు, త్రోవపొడవునఁ గొలిచి, ఉపగ్రహము ద్వారా కబురంపును. 1999లో హైదరాబాదున స్థాపింపఁబడిన ఇన్‌కాయిస్ సంస్థ ఆ కొలతలను సేకరించుచున్నది. తుపాను బలమును ముందుగ నంచనా కట్టుటకు అవి తోడ్పడుచున్నవి.

1864లో బందరువారికిఁ గడలిలోని సంగతి చెప్పు దిక్కు లేకపోయెను. నేఁడు కబురు వచ్చుచున్నది. కాని యే యంత్రమును మనలను మెఱకకుఁ జేర్చలేదు. కబురు విన్న వెంటనే వృద్ధులను, బిడ్డలను ముందుగఁ దరలించుట గ్రామపెద్దల చేతిలోనే యున్నది.