రామగిరి దుర్గము: సబ్బినాటి చరిత్రలో దాని స్థానము

రామగుండము, గోదావరిఖని అను పేర్లు వినినంతనే నేటి పాఠకునకు స్ఫురించునది బొగ్గు. ఆ గనులకు చేరువనే, పెద్దపల్లి జిల్లాలో, శిలాప్రాకారములతోను ద్వారములతోను కొలనులతోను రామగిరి దుర్గము నిలిచియున్నది. మేఘసందేశమున యక్షుడు నివసించిన రామగిరి యిదియే యని స్థానికముగా నొక ప్రతీతి కలదు. ఈ ప్రతీతి నిలుచునా? నిలువనిచో ఈ దుర్గమునకు మిగులు చరిత్ర యేమి? అను ప్రశ్నలను మే మిచట విచారింతుము.

కాళిదాసు మేఘము రామగిరినుండి ఉత్తరముగా సాగి, ఆమ్రకూటమును దాటి, రేవానదిని చేరును. ఆ మార్గమున కవి పేర్కొనిన మొదటి నది రేవయే, అనగా నర్మద. మన రామగిరియో గోదావరికి దక్షిణమున నున్నది. ఇచ్చటినుండి ఉత్తరమునకు బోవు మేఘము తొలుత గోదావరిని దాటక తప్పదు. మార్గమందలి నదులను ఒక్కొక్కటిగా వర్ణించిన కవి అంతటి మహానదిని విస్మరించె ననుట పొసగదు. వా. వి. మిరాశీ పండితుడు నాగపూరు సమీపమందలి రామటేకును ఆ రామగిరిగా నిర్ణయించుట ఇందువలననే యుక్తముగా తోచుచున్నది.

అంతమాత్రమున మన రామగిరికి లోటు లేదు. ఆంధ్రులకు ప్రాకారములు గల నగరములు 30 కల వని క్రీ. శ. మొదటి శతాబ్దిలో ప్లినీ వ్రాసెను. మట్టికోటయు బౌద్ధస్తూపమును గల ధూళికట్ట ఈ జిల్లాలోనిదే. కావున కోట కట్టుకొని నివసించుట ఈ సీమలో మిక్కిలి ప్రాచీనము. తరువాతి కాలమున ఈ సీమ సబ్బి సాయిర మండలమున చేరియుండెను. 'సాయిర' యనగా కన్నడమున వేయి. క్రీ. శ. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము, కాకతి రెండవ ప్రోలరాజు మంత్రకూటాధిపతియగు గుండని జయించినట్లు చెప్పుచున్నది. మంత్రకూటమే నేటి మంథని యని చరిత్రకారులు పలువురు తలచిరి. కాకతీయుల స్వతంత్రరాజ్య స్థాపనకు పూర్వరంగమైన పోరులలో ఈ సీమ యొకటి యని దీనివలన తెలియుచున్నది.

సాహిత్య విద్యార్థికి అంతకంటె విలువైన సాక్ష్యము మడికి సింగనది. ఈతడు క్రీ. శ. 1420 ప్రాంతమున పద్మపురాణోత్తరఖండమును తెనిగించి కందనామాత్యున కంకితమిచ్చెను. కందనామాత్యుడు రామగిరి నేలిన ముప్పభూపాలుని మంత్రి. కాకతీయ సామ్రాజ్యము 1323లో కూలిన పిమ్మట నూరేండ్లకు, ఒక చిన్న గిరిదుర్గమున తెలుగు పురాణము నాదరించు మంత్రి యుండెనని ఇందువలన తేలుచున్నది. సింగన సామాన్యుడు కాడు. అతని సకలనీతిసమ్మతము పూర్వ నీతిగ్రంథములనుండి పద్యము లేర్చి కూర్చిన సంకలనము. శివదేవయ్య పురుషార్థసారము, ముద్రామాత్యము వంటి గ్రంథములు మనకు అందులోని పద్యముల మూలముననే తెలిసినవి. అట్టి బహుగ్రంథపరిచయము గల కవి నాదరించినవారి ఊరు కేవలము సైనికస్థావరము కాదు.

మహాకవి పేరుతో ముడిపెట్టిననే గాని ఒక స్థలమునకు గౌరవము కలుగదని తలచుట మన చరిత్ర రచనలోని యొక బలహీనత. రామగిరికి కాళిదాసు అక్కరలేదు, సింగన చాలును. ప్రతీతిని ప్రతీతిగా భద్రపరుపవలసినదే. శాసనమును, కావ్యావతారికను మాత్రము ప్రమాణముగా గ్రహింపవలెను.

నేడు ఈ గిరి పేరనే ఒక మండలము కలదు. పరిసరముననే ఆద్రియాల లాంగువాల్ గని పనిచేయుచున్నది. ఆ పద్ధతిలో బొగ్గు తీసిన వెనుక పైకప్పును కూలనిత్తురు. అందుచే దానిపై నేల కొంత క్రుంగును. అట్టి నేల చేరువనున్న దుర్గమందలి ప్రాకారములను, ద్వారములను, కొలనులను కొలిచి, పటములు గీసి భద్రపరచుట తక్షణ కర్తవ్యము. ఆ కొలతలను సింగన అవతారికతో కలిపి చదువగల పరిశోధకుడు తెలుగు శాఖనుండియే రావలెనని మా యాకాంక్ష.