మొలతాడుకు తాళం చెవి

గురుకులంలో సీటు వచ్చిందనగానే మా వైపు ఇళ్లలో మొదట కొనేది రేకు ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల రంగుతో పిల్లాడి పేరు, తరగతి, ఊరు రాయించేవారు. స్టీలు సామాన్ల కొట్టులో పళ్లానికీ గ్లాసుకూ పేరు కొట్టించేవారు. చిన్న తాళం కప్ప వేసి, చెవిని పిల్లాడి మొలతాడుకు కట్టి, బస్సెక్కి వెళ్లిపోయేవారు.

మన దగ్గర హాస్టళ్లు పాతవే. హైదరాబాద్ రెడ్డి హాస్టల్ 1918 నాటిది. అయితే పల్లెల్లోని పేద పిల్లలకు చదువూ తిండీ పడకా ఒకేచోట పెట్టిన ప్రభుత్వ గురుకులాలకు దారి వేసింది సర్వేలు. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆ ఊళ్లో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ వెనకే తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. అలాంటి బడుల్లోనే నేను చాలా ఏళ్లు హౌస్ మాస్టరుగా పనిచేశాను.

ఆ హాస్టళ్లలో దొంగతనానికి పోయేవి పెద్ద వస్తువులేం కావు. సబ్బు, కొబ్బరినూనె సీసా, చెప్పులు, బకెట్, ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలు. పండగకు వెళ్లొచ్చిన వారంలో డబ్బులు కూడా పోయేవి. పోగొట్టుకున్నవాడు ఏడుస్తూ వస్తే అన్నిచోట్లా ఒకటే పద్ధతి: అందరినీ వరసలో నిలబెట్టి పెట్టెలు తెరిపించడం. ఎవడి పెట్టెలో చిరుగుల చొక్కాలు ఎక్కువుంటే అనుమానం వాడి మీదకే పోయేది. వస్తువు దొరక్కపోయినా వాడికి దొంగ అన్న పేరు మిగిలిపోయేది. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కాపలా పెట్టాల్సిన బడి, దాని బదులు సోదా పెట్టింది.

పెద్దలు ఇచ్చిన చేతిఖర్చు డబ్బుల సంగతి మాత్రం వేరు. ఆ డబ్బు మేం తీసుకుని నోటు పుస్తకంలో రాసుకునేవాళ్లం. లెక్క తేడా వస్తే మాదే పూచీ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పేదీ ఇదే: ఒకరి వస్తువును తిరిగి ఇచ్చే ఒప్పందం మీద తీసుకున్నవాడు, మామూలు వివేకం గల మనిషి తన సొంత సొత్తును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో దాన్నీ అంతే జాగ్రత్తగా చూడాలి. 2019లో సుప్రీంకోర్టు ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్ కేసులో ఈ మాటే గట్టిగా చెప్పింది. అతిథి కారు తాళాలు సిబ్బందికి ఇచ్చాడు, కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద బాధ్యత కారు యజమానిదేనని అచ్చేసుకున్నా, తన నిర్లక్ష్యానికి బాధ్యత నుంచి హోటల్ తప్పించుకోజాలదని తీర్పు.

మరి పెట్టె మాకు అప్పగించలేదు, దాని చెవి పిల్లాడి మొలతాడుకే ఉంది కదా అంటారు బడివాళ్లు. నేను ఒప్పుకోను. పెట్టె చెవి వాడిదే, గది చెవి ఎవరిది? తరగతులు జరిగేంతసేపూ డార్మెటరీకి బడే తాళం వేస్తుంది, పిల్లాణ్ని అటు పోనివ్వదు. ఆ గంటల్లో ఆ పెట్టె బడి చేతుల్లో ఉన్నట్టే.

జూన్‌లో పిల్లల్ని దింపడానికి వెళ్లే అమ్మానాన్నలారా, డబ్బుగానీ ఫోనుగానీ అప్పగిస్తే సంతకంతో రసీదు అడగండి. పగలు డార్మెటరీ తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆ మనిషి పేరు తెలుసుకోండి. హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే: ఏదైనా పోయినప్పుడు, అందరి ముందూ ఏ పిల్లాడి పెట్టెనూ తెరిపించకండి.