భూమి వయస్సు: రాళ్ళ సాక్ష్యం

భూమి వయస్సు ఎంత? ఈ ప్రశ్నకు నేటి పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంలో జవాబు దొరుకుతుంది: సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఈ ఒక్క వాక్యం వెనుక మూడు శతాబ్దాల కృషి ఉన్నది. క్రీ. శ. 1650లో ఐర్లండుకు చెందిన అషర్ అనే మతాచార్యుడు బైబిలులోని వంశావళులను, ప్రాచీన రాజుల కాలాలను లెక్కగట్టి, సృష్టి క్రీ. పూ. 4004లో జరిగినదని ప్రకటించినాడు. ఐరోపాలో చాలామంది దానిని నమ్మినారు. ఆ ఆరువేల యేండ్లు 454 కోట్ల యేండ్లు అయిన విధం తెలుసుకొంటే, భూగర్భశాస్త్రంలోని ముఖ్యసూత్రాలు కొన్ని వాటంతటవే బోధపడతవి.

పొరల వరుస

స్టెనో డెన్మార్కు దేశీయుడు. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో వైద్యుడు. 1666లో ఒక సొరచేప తలను కోసి పరీక్షిస్తూ, దాని పళ్ళు కొండరాళ్ళలో దొరికే 'నాలుక రాళ్ళ'ను పోలి ఉండటం గమనించినాడు. అవి ఒకప్పటి సొరచేపల పళ్ళేననీ, వాటిని ఇముడ్చుకొన్న రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న బురద అనీ గ్రహించినాడు. 1669లో ప్రకటించిన గ్రంథంలో ఆయన చెప్పిన రెండు సూత్రాలు నేటికీ ఈ శాస్త్రానికి పునాదులు. నీటిలో పేరుకొనే ఇసుక, బురద మొదట సమతలంగా పరచుకొంటవన్నది మొదటిది. తారుమారు కాని పొరలలో కింది పొర పాతది, పై పొర కొత్తది అన్నది రెండవది.

ఎండిన చెరువులో పూడిక తవ్వితే ఈ సంగతి స్పష్టమవుతుంది. నిరుటి ఒండ్రు అడుగున, ఈ యేటి ఒండ్రు పైన ఉంటవి. ఇట్లా పేరుకొని, పైబరువుకు అణగి, గట్టిపడినవే అవక్షేప శిలలు. వాటి పొరలు ఎక్కడైనా నిట్టనిలువుగా కనిపిస్తే, ఏర్పడిన తరువాత భూచలనాల వల్ల అవి ఒరిగినవని అర్థం.

హట్టన్ చూచిన కాలం

స్కాట్లండులోని ఎడింబరోకు చెందిన జేమ్స్ హట్టన్ వైద్యం చదివి వ్యవసాయం చేసినాడు. వానకు పొలంలోని మన్ను కొట్టుకొనిపోవటం ఆయన కళ్ళారా చూచినాడు. నేల ఇట్లా అరిగిపోతూ ఉంటే చివరకు మిగిలేది ఏమిటి? కొట్టుకొనిపోయిన మన్ను సముద్రంలో చేరి రాయి అవుతుందనీ, భూగర్భంలోని వేడి దానిని మళ్ళీ పైకి లేపుతుందనీ ఆయన 1785లో ప్రతిపాదించినాడు. నేడు జరుగుతున్న మార్పులే గతంలోనూ జరిగినవి. వాటికి కావలసినది అపారమైన కాలం.

1788లో హట్టన్, ప్లేఫెయిర్, హాల్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి పడవలో సిక్కర్ పాయింట్ అనే సముద్రతీరానికి వెళ్ళినాడు. అక్కడ బూడిదరంగు శిలల పొరలు దాదాపు నిలువుగా నిలిచి ఉన్నవి. వాటి కోసుకొనిపోయిన అంచులమీద ఎర్రని ఇసుకరాతి పొరలు కొద్ది వాలుతో పరచుకొని ఉన్నవి. దీని అర్థం ఏమిటి? కింది పొరలు నీటి అడుగున పేరుకొన్నవి, రాళ్ళయినవి, ఒరిగి పైకి లేచినవి, అరిగిపోయినవి. ఆ తరువాతనే వాటిమీద ఇసుక చేరినది. ఆ రెండు శిలల మధ్య ఆరుకోట్ల యేండ్లకు పైబడిన అంతరం ఉన్నదని నేడు తెలిసినది. ఇటువంటి కాలవిచ్ఛేదాన్నే భూగర్భశాస్త్రంలో అన్‌కన్‌ఫర్మిటీ అంటారు.

దీనిని చూడటానికి స్కాట్లండుకే పోనక్కరలేదు. తిరుపతి నుండి తిరుమల వెళ్ళే ఘాట్‌రోడ్డు పక్కన అంతకంటె గొప్పది ఉన్నది. అడుగున 250 కోట్ల యేండ్లు దాటిన గ్రానైటు, దానిమీద కడప శిలావర్గానికి చెందిన క్వార్ట్‌జైటు ఉన్నవి. ఈ శిలావర్గాన్ని విలియం కింగ్ 1872లో సవిస్తరంగా వర్ణించినాడు. గ్రానైటు భూగర్భంలో చాలా లోతున ఏర్పడుతుంది. దానిమీద నేరుగా ఇసుక చేరవలెనంటే, ముందు దానిపైనున్న మందమైన శిలలన్నీ అరిగిపోవలె. ఈ అంతరం సుమారు 80 కోట్ల సంవత్సరాలని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అంచనా.

కెల్విన్ లెక్క

ఇంగ్లండులో కాలువల సర్వేయరు విలియం స్మిత్, ఒక్కొక్క పొరలో ఒక్కొక్క రకం శిలాజాలు ఉంటవని గమనించి, వాటి సాయంతో దూరప్రాంతాల పొరలను పోల్చి, 1815లో గొప్ప భూగర్భపటం ప్రచురించినాడు. దీనితో ఏది ముందు, ఏది వెనుక అన్నది తేలినది. ఎన్ని సంవత్సరాల క్రిందట అన్నది మాత్రం తేలలేదు.

ఆ లెక్కకు పూనుకొన్నవాడు సుప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు కెల్విన్. గనులలో లోతుకు పోయినకొద్దీ వేడి పెరుగుతుంది. కరిగిన ముద్దగా ఉండిన భూమి ఈ స్థితికి చల్లారటానికి 2 కోట్ల నుండి 40 కోట్ల యేండ్లు పట్టి ఉంటుందని 1862లో ఆయన గణించినాడు. 1897 నాటికి దానిని 2 నుండి 4 కోట్లకు కుదించినాడు. జీవపరిణామానికి అపారకాలం కావలెనన్న డార్విన్ సిద్ధాంతానికి ఇది పెద్దదెబ్బ. భూగర్భశాస్త్రజ్ఞులకు పొరలు వేరే విధంగా చెప్పుతున్నవి. అయినా గణితానికి ఎదురు చెప్పటం సులభమా?

కెల్విన్ గుణకారంలో తప్పు లేదు. ఆధారం చేసుకొన్న ఊహలలో ఉన్నది. భూమి లోపలి పదార్థం కదలని ఘనపదార్థమని ఆయన అనుకొన్నాడు. లోపల వేడి మరింత సులభంగా ప్రసరిస్తే వయస్సు ఎన్నో రెట్లు పెరుగుతుందని, ఒకప్పుడు ఆయనకు సహాయకుడైన జాన్ పెర్రీయే 1895లో చూపినాడు. మరుసటి యేడు బెకరెల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. భూమి లోపల కెల్విన్ ఎరుగని ఉష్ణాధారం ఉన్నదని దానివల్ల తెలిసినది.

పరమాణు గడియారం

రేడియోధార్మికత గడియారాన్ని కూడా ఇచ్చినది. యురేనియం నిర్ణీతమైన వేగంతో సీసంగా మారుతుంది. యురేనియం-238లో సగభాగం మారటానికి 447 కోట్ల యేండ్లు పడుతుంది. దీనినే అర్ధాయువు అంటారు. భూమి లోపలి వేడికిగాని, ఒత్తిడికిగాని ఈ వేగం మారదు. కనుక ఖనిజంలోని యురేనియం, సీసం పాళ్ళు తెలిస్తే వయస్సు తెలుస్తుంది. 1911లో ఆర్థర్ హోమ్స్ అనే యువకుడు ఈ పద్ధతితో నార్వేలోని ఒక శిలకు 37 కోట్ల యేండ్లని లెక్కగట్టినాడు. కెల్విన్ భూమి మొత్తానికి ఇచ్చిన వయస్సు ఒక్క శిలకే చాలలేదు!

భూమి తొలినాటి శిలలు కరిగి, అరిగి, రూపు మారిపోయినవి. అందువల్ల అమెరికా శాస్త్రజ్ఞుడు పాటర్సన్, భూమితోపాటే పుట్టిన ఉల్కలలోని సీసాన్ని కొలిచినాడు. 1956లో ఆయన ప్రకటించిన వయస్సు 455 కోట్ల సంవత్సరాలు. అది నేటికీ దాదాపు మారలేదు.

పొరల వరుస వల్ల తెలిసేది సాపేక్ష వయస్సు. పరమాణువుల వల్ల తెలిసేది నిరపేక్ష వయస్సు. రెండవది లేనినాడు మొదటిదానికి విలువ తక్కువని తోచినది. కాని కాలం అపారమని ముందుగా చెప్పినవి పొరలే. ఎంత సూక్ష్మమైన లెక్కయినా కంటికి కనిపించే సాక్ష్యంతో పొసగనప్పుడు, ఆ లెక్క ఏ ఊహమీద నిలిచినదో తరచి చూడటం శాస్త్రం చదివేవారి మొదటి విధి.