సూదిమొన మీది చదువు: జడ్చర్ల ప్రాంత లంబాడీ తండాల్లో కుట్టుపని – కుటుంబ అభ్యాసం

వ్యాససంగ్రహం:
పాలమూరు మెట్టప్రాంతపు లంబాడీ తండాల్లో కుట్టుపని విడిగా ఒక వృత్తిగా కాక, ఇంటి జీవనంలో భాగంగా పెరిగిన విద్య. కూతురు తల్లి దగ్గర నేర్చుకోవడం, తాను తల్లి అయ్యాక ఆ విద్యను పూర్తి చేసుకోవడం దాని అభ్యాస క్రమం. నేర్పే శ్రమ తల్లి బాధ్యతలో కలిసిపోవడం వల్ల అది చరిత్ర రచనకూ, కూలి లెక్కకూ అందలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లంబాడీ, తండా, కుట్టుపని, బొంత, గృహశ్రమ, జడ్చర్ల, పాలమూరు.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి సాంఘిక చరిత్ర రచనకు బలమైన పునాది వేసిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) కావ్యాలను ఆధారం చేసుకొని ప్రజల ఉడుపులను, ఆహారాన్ని, ఆటపాటలను వెలికితీసింది. అయితే సాహిత్యం ఆధారంగా సాగే పద్ధతికి ఒక సహజమైన హద్దు ఉంది. సొంత లిపి లేని గోర్‌బోలి మాట్లాడే తండా స్త్రీల పనితనం కావ్యాలలో వెతికితే దొరకదు. 1920లో వెలువడిన సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం నిజాం రాజ్యంలోని కులాలను, తెగలను వర్ణించింది. అటువంటి గ్రంథాలు వేషధారణను ఒక సమూహానికి గుర్తుగా చూశాయి. ఆ వస్త్రం వెనుక ఉన్న అభ్యాసం వేరే ప్రశ్న. ఆ కుట్టు ఎవరు, ఎప్పుడు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. సంచారం నుండి తండాకు:
లంబాడీలు శతాబ్దాలపాటు ఎద్దులపై ధాన్యం, ఉప్పు మోసిన సంచార వర్తకులు. 17వ శతాబ్దిలో దక్కనులో పోరాడిన మొగలు సేనలకు ధాన్యం చేరవేసినవారిలో వీరు ముఖ్యులు. 19వ శతాబ్దిలో బండిబాటలు, రైళ్లు పెరిగేకొద్దీ ఆ వర్తకం క్షీణించింది. పాలమూరులో సికింద్రాబాదు నుండి గద్వాల వైపు వేసిన రైలుమార్గం 20వ శతాబ్ది తొలి దశకాల నాటిది. వర్తకం పోయినవారు క్రమంగా సేద్యానికి, పశుపోషణకు, కూలికి మళ్లారు. జడ్చర్ల చుట్టూ ఉన్న తండాలకు బాదేపల్లి అంగడి ఇచ్చిపుచ్చుకోవడాల కేంద్రమైంది.

ఇదే పూర్వపు పాలమూరు జిల్లాలో నారాయణపేట, గద్వాల నేతకు పేరొందాయి. నేతపని, కుట్టుపని రెండూ కుటుంబంలోనే నేర్చుకునేవే. కాని మగ్గానికి స్థిరమైన ఇల్లు, పడుగు, పెట్టుబడి కావాలి. సూది, దారం, గుడ్డపీలికలు మాత్రం ఒక చిన్న సంచిలో ఇమిడిపోతాయి. పనిని మధ్యలో ఆపి, మరొకచోట అందుకోవచ్చు. సంచార జీవనానికి, చంటిబిడ్డను చూసుకుంటూ పని చేయవలసిన తల్లికి ఈ విద్య ఒకే విధంగా ఒదిగింది.

3. అభ్యాసంలో రెండు దశలు:
పేటియా అనే కుచ్చుల పావడ, వీపున తాళ్లతో ముడివేసే కాంచళి, తలపై కప్పుకునే టుక్రి లంబాడీ స్త్రీల సంప్రదాయ ఉడుపులు. వీటిపై అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగుగుడ్డ ముక్కలు చేర్చి కుడతారు. గొలుసుకుట్టు, కాడకుట్టు వంటివి వీటిలో కనిపిస్తాయి. అన్నిటికంటే మెళకువ కోరేది అద్దం పని. అద్దానికి రంధ్రం ఉండదు. ముందుగా దాని మీదుగా దారాలను అడ్డంగా, నిలువుగా లాగి ఒక చట్రంలా బిగించాలి. ఆ చట్రాన్ని సూదితో అందుకుంటూ అంచు చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టాలి. చట్రం వదులైతే అద్దం జారిపోతుంది, మరీ బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుంది. ఎంత లాగాలో మాటల్లో చెప్పడం కష్టం. పక్కన కూర్చుని చూసి, కుట్టి, విప్పి మళ్లీ కుడితేనే చేతికి తెలుస్తుంది.

ఇది మొదటి దశ: పిల్ల తల్లి పక్కన కూర్చుని చేతి అలవాటు పొందడం. పెళ్లికి కావలసిన ఉడుపులను తల్లి, కూతురు కలిసి సిద్ధం చేయడంతో ఈ దశ ముగుస్తుంది. అయితే అప్పటివరకు కొలత, రంగుల కూర్పు, ఏ ముక్క ఎక్కడ పడాలన్న నిర్ణయం తల్లివే. కూతురు తల్లియై, తన బిడ్డ కోసం మొత్తం వస్త్రాన్ని స్వయంగా తలపెట్టినప్పుడు రెండవ దశ మొదలవుతుంది. ఈ విద్యలో తల్లి కావడం అభ్యాసానికి అడ్డంకి కాదు, అభ్యాసం పూర్తికావడానికి సందర్భం.

తండా వెలుపలి పల్లెల్లోనూ దీనికి పోలిక ఉంది. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలను పొరలుగా పరచి కుట్టే బొంత తెలంగాణ ఇళ్లలో సామాన్య వస్తువు. చంటిబిడ్డ కింద పరిచే చిన్న బొంతను ఇంటి పెద్దలు కుడుతుంటే బాలింత చూసి నేర్చుకుంటుంది. బిడ్డ అవసరమే అక్కడ పాఠం. వలస కూలీలుగా దూరప్రాంతాల పనులకు వెళ్లిన పాలమూరు కుటుంబాలకు ఈ బొంత పడక, కప్పు, ఉయ్యాల అన్నీ అయింది.

4. సందర్భం తెగిన తీరు:
1976 నాటి సవరణ చట్టం 1977లో అమలులోకి రావడంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. విద్య, ఉద్యోగ అవకాశాలు విస్తరించాయి. వసతిగృహాలలో చదివే బాలికల సంఖ్య పెరిగింది. ఇది నిస్సందేహంగా సాధించుకున్న మేలు. అదే కాలంలో చీర, తర్వాత పంజాబీ దుస్తులు నిత్య ఉడుపులయ్యాయి. పేటియా, కాంచళి క్రమంగా వృద్ధులకు, పండుగలకు పరిమితమయ్యాయి.

దీని ఫలితం మూడు తరాలలో మూడు విధాలుగా ఉంటుంది. అమ్మమ్మకు రెండు దశల విద్యా ఉంది. అమ్మకు మొదటి దశ చేతిలో మిగిలినా, రెండవ దశకు అవసరం రాలేదు. మనవరాలికి పక్కన కూర్చునే బాల్యకాలమే బడిలో గడిచింది. కాబట్టి నశించింది నమూనా కాదు. నమూనాలు పెట్టెలలో, ప్రదర్శనశాలలలో ఉన్నాయి. తెగిపోయింది నేర్చుకునే సందర్భం.

5. కుట్టు కూలిగా మారినప్పుడు:
ఇంటి విద్య అంగడికి వెళ్తే ఏమవుతుందో గోదావరి ప్రాంతపు నరసాపురం చూపుతుంది. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడ లేసు అల్లిక వ్యాపించింది. మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లే స్త్రీలను శ్రామికులుగా కాక ‘తీరిక వేళ అల్లుకునే గృహిణులు’గా పరిగణించారని నిరూపించింది. ఆ పేరు వల్లనే కూలి తక్కువగా నిలిచింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది, కూలి రేటును కాదు.

కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుకూ అటువంటి గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జరిగిన జీ-20 సాంస్కృతిక సమావేశాల సందర్భంగా 450కి పైగా లంబాడీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులను ప్రదర్శించారు. సంఘటితమైతే ఈ విద్య ఉపాధి కాగలదని ఇది చెబుతుంది. తెలంగాణలో 2024లో ప్రభుత్వ బడి పిల్లల ఏకరూప దుస్తుల కుట్టుపనిని స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. ఇక్కడ తల్లులు నేర్చుకున్నది చేతికుట్టు కాదు, మిషన్ కుట్టు. పిల్లలు తొడిగేది తల్లులు కుట్టిన బట్టే అయినా, చెల్లింపు జత లెక్కన జరుగుతుంది. జత లెక్కలో సూది కదిలిన సమయం ఉంటుంది. ఆ చేతికి నేర్పు వచ్చేవరకు గడిచిన ఏళ్లు ఉండవు.

6. ముగింపు:
కుట్టుపనిని కళగా చూస్తే నమూనా మిగులుతుంది, ఉపాధిగా చూస్తే కూలి మిగులుతుంది. రెండు దృష్టులలోనూ నేర్పిన తల్లి శ్రమ లెక్కకు రాదు. అది ప్రేమలో భాగమని అనుకోవడం వల్లనే శ్రమగా గుర్తింపు పొందలేదు. జడ్చర్ల ప్రాంత తండాలపై జరిగే పరిశోధనలు వస్త్రాన్ని ఫోటో తీయడంతో ఆగక, ఎవరు ఎవరికి, ఏ వయసులో, ఏ అవసరానికి నేర్పారో వృద్ధ స్త్రీల మాటల్లో నమోదు చేయవలసి ఉంది. రెండు దశల విద్యా తెలిసిన తరం ఇంకా ఉన్న కాలంలోనే ఆ పని సాధ్యం.