బాష్పోత్సేకం
మొక్కలోని నీరు ఆవిరై, ముఖ్యంగా ఆకుల నుంచి, గాలిలో కలిసే ప్రక్రియ బాష్పోత్సేకం. వేళ్లు పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఇలాగే పోతుంది. మొక్క తన పెరుగుదలకు వాడుకునేది స్వల్పం.

నేలలోని నీరు మూలకేశాల్లోకి ద్రవాభిసరణ ద్వారా చేరి, దారువులోని సన్నని నాళాల గుండా పైకి ఎక్కుతుంది. కాలిఫోర్నియాలోని అత్యంత ఎత్తైన రెడ్‌వుడ్ చెట్లలో అది 110 మీటర్లకు పైగా ఎక్కాలి. వేళ్లు నీటిని పైకి నెట్టే వేరు పీడనం అందుకు చాలదు. తెల్లవారుజామున గడ్డి కొసల్లో నీటి బొట్లు నిలిపే బిందుస్రావం వరకే దాని సత్తా. కాండంలోని సజీవ కణాల స్పందనే నీటిని నెడుతుందని జగదీశ్ చంద్ర బోస్ 1923లో వాదించారు. కానీ కణాలను విషంతో చంపినా నీరు ఎక్కుతుందని వృక్షశాస్త్రవేత్త స్ట్రాస్‌బర్గర్ అంతకుముందే చూపాడు. నేటికీ నిలిచినది 1894లో శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ ఇచ్చిన వివరణ: ఆకులో నీరు ఆవిరైనకొద్దీ, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న నీటి అణువుల స్తంభం మొత్తం పైకి లాగబడుతుంది. ఈ లాగుడుకు శక్తి సూర్యుడిదే. మొక్కకు దాదాపు ఖర్చు లేదు. స్తంభంలో గాలి బుడగ చేరితే మాత్రం ఆ నాళం పనిచేయదు.

ఆవిరి ఎక్కువగా పత్రరంధ్రాల నుంచి వెలువడుతుంది. రంధ్రానికి ఇరువైపులా ఉండే రక్షక కణాలలోకి పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు చేరి ఆ కణాలు ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది. నీటి ఎద్దడిలో అబ్‌సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ దాన్ని మూయిస్తుంది. అయితే కార్బన్ డయాక్సైడ్ వచ్చే దారీ అదే కాబట్టి, మూస్తే ఆహార తయారీ తగ్గుతుంది. నీటి నష్టం తగ్గించుకోవడానికి గన్నేరు ఆకు పత్రరంధ్రాలను అడుగువైపు గుంటల్లో దాచుకుంటుంది. బొమ్మజెముడు వాటిని రాత్రిపూటే తెరుస్తుంది.