బ్రమ్మజెమ్

బ్రమ్మజెమ్ అనేది చూపులకు తళతళలాడుతూ నాణ్యతలో నాసిరకంగా ఉండే చౌక వస్తువులను, నకిలీలను సూచించే ఒక ఆంగ్ల పదము. ఇది నామవాచకంగాను, విశేషణంగాను వాడబడుతుంది. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగరం పేరు నుండి ఈ పదం పుట్టినది. తెలుగులో గిల్టు, కాకిబంగారం అనే మాటలు దీనికి దగ్గరి అర్థాన్నిస్తాయి. వీటిలో గిల్టు కూడా ఆంగ్లం నుండి వచ్చినదే.

వ్యుత్పత్తి

బర్మింగ్‌హామ్ అనగా "బియోర్మా వంశీయుల నివాసము" అని అర్థం. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో ఈ ఊరి ప్రస్తావన కలదు. స్థానికుల ఉచ్చారణలో ఈ పేరు "బ్రమ్మజెమ్"గా మారినది. నగరానికి "బ్రమ్" అనే ముద్దుపేరు, నగరవాసులకు "బ్రమ్మీలు" అనే పేరు దీని నుండే వచ్చాయి. అనగా మొదట ఇది కేవలం ఊరి పేరే, తిట్టు కాదు.

అర్థము మారిన తీరు

17వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్‌లో గ్రోట్లు అనే నాలుగు పెన్నీల వెండి నాణేలకు నకిలీలు తయారవుతున్నాయని పేరుపడినది. దానితో ఊరి పేరు దొంగ నాణేనికి పర్యాయపదమైనది. 1679-81 మధ్య, క్యాథలిక్ మతస్థుడైన యార్క్ డ్యూక్ జేమ్స్‌కు సింహాసనం దక్కరాదని కోరినవారిని వారి ప్రత్యర్థులు "బర్మింగ్‌హామ్ ప్రొటెస్టెంట్లు" అని, అనగా నకిలీ ప్రొటెస్టెంట్లని ఎగతాళి చేశారు. కవి జాన్ డ్రైడెన్ 1681లో ప్రచురించిన "అబ్సలోమ్ అండ్ అకిటోఫెల్" ముందుమాటలో కూడా ఈ ప్రయోగం కనిపిస్తుంది.

18వ శతాబ్దంలో ఈ పట్టణం గుండీలు, బకిల్స్, నశ్యం డబ్బీలు, చౌక నగల తయారీకి కేంద్రమైనది. ఇత్తడికి బంగారు పూత పూసిన వస్తువులు పెద్ద ఎత్తున అమ్ముడయ్యాయి. సామాన్యులకు అందుబాటు ధరలో లభించిన ఈ వస్తువుల వలన "తళుకే గాని విలువ లేనిది" అనే అర్థం ఈ పదానికి స్థిరపడినది.

అపకీర్తిని తొలగించే ప్రయత్నాలు

ఈ చెడ్డపేరు వలన మేలైన పనివారు కూడా నష్టపోయారు. స్థానిక పారిశ్రామికవేత్త మాథ్యూ బౌల్టన్ వెండి వస్తువులపై నాణ్యతా ముద్ర కొరకు వాటిని దూరాన ఉన్న చెస్టర్‌కు పంపవలసి వచ్చేది. లండన్ కంసాలుల వ్యతిరేకతను ఎదుర్కొని ఆయన చేసిన కృషి ఫలితంగా 1773లో పార్లమెంటు చట్టం ద్వారా బర్మింగ్‌హామ్‌లోనే పరీక్షా కార్యాలయం ఏర్పడినది. దీని ముద్ర లంగరు గుర్తు.

బౌల్టన్ 1788లో సోహో టంకశాలను నెలకొల్పి, ఆవిరి యంత్రశక్తితో నాణేలను ముద్రించాడు. అన్నీ ఒకే కొలతలో ఉండే ఈ నాణేలకు నకిలీలు తయారుచేయడం కష్టం. 1797లో బ్రిటిష్ ప్రభుత్వం కొరకు ఒక పెన్నీ, రెండు పెన్నీల రాగి నాణేలు ఇక్కడే తయారయ్యాయి. దొంగ నాణేలకు పేరుపడిన ఊరే ఈ విధంగా నమ్మదగిన నాణేలకు నెలవైనది.

ఆంధ్ర ప్రాంతంతో సంబంధము

ఈస్టిండియా కంపెనీ తన ఆధీనంలోని ఉత్తర సర్కారుల కొరకు సోహో టంకశాలలో రాగి నాణేలను ముద్రింపించినది. 1794 నాటి ఈ నాణేలలో ఒక రకానికి విలువ రూపాయిలో 48వ వంతు. నేటి కోస్తా ఆంధ్రలో అధిక భాగం ఆనాటి ఉత్తర సర్కారులలో ఉండేది.

ఇటువంటి ఇతర పదాలు

* పించ్‌బెక్: బంగారంలా కనిపించే రాగి, తుత్తునాగాల మిశ్రమలోహం. 1732లో మరణించిన లండన్ గడియారాల తయారీదారు క్రిస్టఫర్ పించ్‌బెక్ పేరు మీద వచ్చినది. తరువాత "నకిలీ" అనే అర్థం పొందినది.
* షాడీ: పాత ఉన్ని గుడ్డలను చీల్చి మరల నేసిన వస్త్రం. తరువాత "నాసిరకం" అనే అర్థం వచ్చినది.
* టాడ్రీ: సెయింట్ ఆడ్రీ పేరిట జరిగే సంతలో అమ్మిన లేసుల నుండి వచ్చిన పదం. ఆడంబరమైన చౌక అలంకారాన్ని సూచిస్తుంది.

ప్రస్తుత వాడుక

బ్రమ్మజెమ్ నేడు ఆంగ్లంలో అరుదుగా, ఎక్కువగా పాత సాహిత్యంలో కనిపిస్తుంది. బర్మింగ్‌హామ్ పరీక్షా కార్యాలయం మాత్రం నేటికీ లంగరు ముద్రతో పనిచేస్తున్నది.