పీటీఎస్‌డీ: విశాఖ విపత్తులు, ఒత్తిడి హార్మోన్ల కథ

విశాఖపట్నంలో 1997 సెప్టెంబర్ 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో గ్యాస్ పేలి యాభై మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరం మీదుగానే తీరం దాటింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి నిద్రపోతున్నవాళ్ల ఇళ్లలోకి పాకి పన్నెండు మందిని బలిగొంది. ఇలాంటి గండం గడిచి నెల దాటాక కూడా పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటుకు పోలేనితనం వదలకపోతే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలోకి ఈ పేరు 1980లోనే వచ్చింది. 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఆ పేరే లేదు; ఊళ్లలో ‘జడుసుకున్నాడు’ అని సరిపెట్టుకునేవారు. ఆ మాటేమీ తప్పు కాదు.

ఒత్తిడి అంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పొంగడమని, అదే మెదడును పాడుచేస్తుందని చాలామంది నమ్మకం. పీటీఎస్‌డీ విషయంలో ఈ లెక్క తిరగబడింది. 1986లో జాన్ మేసన్ బృందం పీటీఎస్‌డీ ఉన్న వియత్నాం యుద్ధ సైనికుల మూత్రంలో కార్టిసాల్ తక్కువగా ఉందని చూపింది. కార్టిసాల్‌ను అదుపుచేసే వ్యవస్థే అతిగా బిగుసుకుందని రేచల్ యెహూదా వివరించారు. బెంగళూరులో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుల తరబడి కదలకుండా బంధించి చూసింది: జ్ఞాపకాలను అమర్చే హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుదించుకుపోతే, భయాన్ని పట్టుకునే అమిగ్డలాలో పెరిగాయి. ఒక్కసారి ఒత్తిడికి గురిచేస్తే అమిగ్డలా మార్పు అప్పుడు కాక పది రోజులకు బయటపడింది. ఒత్తిడి వేళ కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్‌ను ఎక్కువగా ఉంచితే ఆ మార్పు ఆగిందని 2012లో వాళ్లే చూపారు. కాబట్టి హార్మోన్ కేవలం శత్రువు కాదు. అవసరమైన వేళ చాలకపోతే భయానికి కళ్లెం వదులవుతుంది.

దీనికి అభ్యంతరాలున్నాయి. తర్వాతి పరిశోధనల్లో కొన్నిటిలో కార్టిసాల్ తక్కువగా కనబడలేదు. 2002లో కవల సోదరులపై జరిగిన అధ్యయనంలో, పీటీఎస్‌డీ వచ్చిన సైనికుడికే కాక యుద్ధానికి వెళ్లని అతని కవలకూ హిప్పోకాంపస్ చిన్నగానే ఉంది. ఇది గాయమే హిప్పోకాంపస్‌ను కుదించిందన్న వాదాన్ని దెబ్బతీస్తుంది. కళ్లెం కొందరికి ముందే వదులుగా ఉండవచ్చన్న మాటకు మాత్రం బలమే. వెంకటాపురం వంటి చోట మరో చిక్కు: స్టైరీన్ స్వయంగా నాడీమండలాన్ని మందగింపజేస్తుంది, తల తిప్పుతుంది. అయితే ఆవిరి తెచ్చిన తలతిప్పు నెలల తర్వాత సైరన్ మోత వినగానే తిరిగి రాదు. అమిగ్డలా తెచ్చే గుండెదడ వస్తుంది.